గాలి ఆడని మూల

మేడమీది గదిని వెచ్చబెట్టే రేడియేటర్ కింద పాతగుడ్డ పట్టి, దాని గాలిమరలో ఇత్తడి తాళంచెవి పెట్టి రవ్వంత తిప్పాడు హెడ్లీ. లోపల ఇరుక్కున్న గాలి బుస్సుమంటూ బయటికొచ్చి, వెనకే రెండు చుక్కలు నల్లనీళ్లు ఉమ్మింది. మళ్లీ బిగించి, పైపు తుడిచి, ముసలి ఆవు వీపు నిమిరినట్టు దాన్నొకసారి నిమిరాడు.

“గుడగుడలు ఆగాయా?” కిందనుంచి ఇంటావిడ మ్యూరియెల్ పిన్ని కేక.

“ఆగాయి పిన్నీ. అజీర్తి తగ్గింది.”

“ఆ తాళంచెవేదో నాకిచ్చి పోరాదూ! నేనే తిప్పుకుంటానుగా. ఎన్నేళ్లనుంచి అడుగుతున్నాను!”

“ఇచ్చేస్తే ఇక నన్ను పిలుస్తావా నువ్వు? నీ అల్లం కేకు నాకెవరు పెడతారు?”

ఏటేటా ఈ ముచ్చట ఇలాగే నడుస్తుంది. ఈసారి మాత్రం హెడ్లీ నవ్వు మధ్యలోనే ఆపి, తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. మరి అతని పనిలో ఇదే ఆఖరి ఇల్లు. ఈ హాలిఫాక్స్ ఊరి కొండవాలు మీద, మసిబారిన రాతి ఇళ్ల వరసల్లో, నలభై ఏళ్లుగా చలి ముదిరేలోపు వేణ్ణీళ్లతో ఇళ్లని వెచ్చబెట్టే బాయిలర్లు విప్పడం, మసి దులపడం, మంట చూసి మూత బిగించడం, ఇదే అతని బతుకు. మనుషుల పేర్లు మరిచిపోతాడు గానీ, ఎవరింట్లో ఏ పైపు ఎక్కడ వంపు తిరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఎడమ మోకాలు ఇక వంగనంది. పెళ్లాం బెరిల్ ఇక వంగనివ్వనంది. రేపటినుంచి పనిసంచీ అటకెక్కాల్సిందే. ఆ సంగతి అతను ఏ ఇంట్లోనూ చెప్పలేదు. చెబితే వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటారు, వాళ్లని చూసి తనూ పెట్టుకుంటాడు, పని చెడుతుంది. ఒక్కటే అనుకున్నాడు: పోతూ పోతూ ఏ కొంపనీ చల్లారబెట్టి పోకూడదు.

పిన్ని బాయిలర్ మాత్రం వారం రోజులుగా మొండికేసి కూచుంది. వెలిగిస్తే వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. వంటింట్లో చాప పరుచుకుని పొద్దుటినుంచీ దాని పేగులన్నీ బయటికి తీశాడు హెడ్లీ. బ్రష్షుతో మసి దులిపాడు. గ్యాసు వచ్చే దారి శుభ్రం చేశాడు. పొగగొట్టం పైదాకా చూశాడు. అన్నీ బిగించి వెలిగిస్తే, నీలంగా లేచిన మంట పసుపుపచ్చగా మారి వణికింది. పరీక్షకు వాడే పొగపుల్ల ముట్టించి గొట్టం దగ్గర పెట్టాడు. పైకి పోవలసిన పొగ, పొమ్మన్నా పోని చుట్టంలా వంటింట్లోకే తిరిగొచ్చింది. టప్పున మంట ఆరింది.

అతని చెయ్యి సంచీ అడుక్కి పోయింది. అక్కడ ఎర్ర చీటీ ఉంటుంది. పొగ గదిలోకొస్తే నిద్రలోనే మనిషి ప్రాణం తీస్తుంది. అందుకని రూలు ఒకటే: గ్యాసు కట్టెయ్యాలి, చీటీ తగిలించాలి.

“ఏమిట్రా ఆ ఎర్రది?” అంది పిన్ని.

“ఏం లేదు.”

“ఏం లేకపోతే నీ మొహం ఉడికిన బంగాళాదుంపలా ఎందుకైంది?”

“మంట సరిగ్గా లేదు పిన్నీ. ఇలాగే ఉంటే ఆపెయ్యాలి. కొత్తది పెట్టేదాకా నువ్వు హడర్స్‌ఫీల్డులో మీ ఆడపడుచు ఇంట్లో...”

“దానింట్లోనా! పొద్దున పెట్టిన క్యాబేజీ సాయంత్రందాకా ఉడకబెడుతుంది అది. అంతకంటే ఇక్కడే గడ్డకట్టి పోతాను. తోటలో బొమ్మలా నిలబెట్టుకోండి నన్ను.”

నవ్వుతూనే అంది గానీ, ఒళ్లో దుప్పటిని ఇంకా దగ్గరికి లాక్కుని కిటికీ వైపు చూసింది. పెళ్లయి వచ్చింది మొదలు ఈ వంటింటి కిటికీలోంచే ఆవిడ ప్రతి చలికాలాన్నీ చూసింది.

టీ పోసి, కేకు ముక్క పెట్టింది. హెడ్లీ అలవాటుగా మూలనున్న స్టూలు మీద కూలబడి, అలవాటుగా ఎడమ మోకాలు రుద్దుకున్నాడు. రుద్దుతున్న చెయ్యి ఆగిపోయింది.

“పిన్నీ, నా మోకాలు సలపడం లేదేం?”

“సంతోషించక ఏడుస్తావేంరా?”

“అది కాదు. ఈ మూల కూర్చుంటే గోడకన్నంలోంచి గాలి కొట్టి సూదులు గుచ్చినట్టుంటుంది ఏటేటా. ఇవాళ ఆ గాలేది?”

పిన్ని కేకు వైపు చూసింది. హెడ్లీ లేచి, గోడకి వేలాడే కోట్లు పక్కకి జరిపాడు. గాలికన్నం మీద, టీకుండకి తొడిగే ఉన్నితొడుగు లాంటిదే, ఎర్రటిది, మందంగా, నాలుగు మూలలా బొత్తాలతో సహా ముద్దుగా బిగించి ఉంది.

“పోయినవారమే అల్లానురా,” అంది పిన్ని చిన్నగొంతుతో. “వచ్చినప్పుడల్లా ‘అబ్బా మోకాలూ, అబ్బా మోకాలూ’ అంటుంటివిగా. నువ్వొచ్చేలోపు ఆ గాలి ఆపుదామని...”

హెడ్లీ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

“బాయిలర్ ఊపిరి పీల్చేది ఆ కన్నంలోంచే పిన్నీ. నువ్వు దాని ముక్కు మూశావు. అది ఆరిపోబట్టి నువ్వు బతికావు. ఇంకెప్పుడూ మూయకు.”

“మూయను. ఒట్టు.”

తప్పు తనదీ ఉంది. బయటినుంచి ఆ కన్నానికున్న జాలీ చూసి బాగానే ఉందనుకున్నాడు. తెలిసిన ఇల్లే కదా అని లోపల కోట్లు జరపలేదు. కొత్త ఇల్లయితే ముందు అదే చూసేవాడు. మనసులోనే తనని నాలుగు తిట్టుకుని, తొడుగు ఊడదీశాడు.

చల్లగాలి రివ్వున కొట్టింది. ఈసారి వెలిగిస్తే మంట నీలంగా, నిలకడగా నిలబడింది. పొగపుల్ల పొగ బుద్ధిగా పైకి పోయింది. నమ్మకం చిక్కక చాలాసేపు కూర్చుని, మళ్లీ మళ్లీ పరీక్షించాడు. గోడల్లో పైపులు టిక్కుటిక్కుమంటూ వేడెక్కాయి. మోకాలు సలపడం మొదలుపెట్టింది. చెప్పొద్దూ, నొప్పి ఇంత తియ్యగా అతనికెన్నడూ లేదు.

“ఇలా రా,” అని పిన్ని ఆ ఎర్ర తొడుగుని అతని మోకాలికి చుట్టి, బొత్తాలు పెట్టేసింది. అతికినట్టు సరిపోయింది.

“ఈ వేషంతో వీధిలోకెలా పోను?”

“పోతే ఎవరు చూస్తారు? పెద్ద అందగాడివి మరి!” అని, గుమ్మందాకా వచ్చింది. “వచ్చే ఏడు మంచు పడకముందే రా.”

“కేకు బాగుంది పిన్నీ,” అన్నాడు హెడ్లీ. అంతే. ఎర్ర మోకాలితో కుంటుకుంటూ వెళ్లి వ్యానెక్కాడు.

పిన్ని వచ్చి కప్పు తియ్యబోయింది. సాసరులో, కేకు పొడి పక్కన, ఏదో మెరిసింది. ఆవిడ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. కిటికీ దగ్గరికి పోయేసరికి వ్యాను మలుపు తిరిగిపోయింది. కోట్లన్నీ తీసి వేరేచోట పెట్టి, ఖాళీ అయిన మేకుకి దాన్ని ఊలుదారంతో కట్టింది.

గోడకన్నంలోంచి వచ్చే గాలికి ఇత్తడి తాళంచెవి మెల్లగా ఊగుతోంది.