చెయ్యి తిరగేసి చూసిన గోడ

గోడకు ఎమరీ కాగితం రుద్దుతున్న పుట్టీకి ముక్కిన వాసన గుప్పున కొట్టింది. ముప్పై ఏళ్లుగా అద్దె ఇళ్లకు పుట్టీ పెట్టి రంగులు వేస్తున్నాడు. అసలు పేరు ఊడిపోయి అందరి నోటా పుట్టీ అన్న పేరే మిగిలింది. మంచం వేసుకునే మూలన మనిషి వీపంత మేర నల్లటి బూజు. పైఅంతస్తు స్నానాలగది నీళ్లు లోపల్లోపలే దిగుతున్నాయి. పైపు బాగుచేయించడానికి ఇంటాయనకు ప్రాణం ఒప్పదు. రంగంటే మాత్రం ఎప్పుడైనా సిద్ధం.

"మధ్యాహ్నానికి అయిపోవాలి. జనం చూడ్డానికొస్తారు," అన్నాడు బ్రోకరు, ముక్కు మూసుకుని గుమ్మం బయటే నిలబడి.

"అయిపోతుంది లెండి."

ఇలాంటి గోడకు అతనిదొక పద్ధతి ఉంది. బూజు గీకి, చెమ్మ బయటికి రాకుండా నూనె ప్రైమరు రెండు పొరలు, దాని మీద పుట్టీ, దాని మీద తెల్లరంగు. ఆఖర్న పెద్ద కరెంటు దీపం గోడకేసి తిప్పి వెలిగిస్తే గోడ వెచ్చబడుతుంది. ఎంత గడుసువాళ్లయినా బోల్తా పడాల్సిందే. మూడు నెలలు ఢోకా లేదు. ఆ తర్వాత దిగినవాడి ఖర్మ. ఎవడో వెర్రివాడు దొరక్కపోడు అనుకున్నాడు పుట్టీ. ప్రతి గదిలోనూ అనుకునే మాటే అది.

తనూ నెల రోజులుగా ఇల్లు వెతుకుతున్నవాడే. ఉంటున్న భవనాన్ని రేపు పొద్దున కూలగొడుతున్నారు. భార్యకు ఆయాసం, చెమ్మ తగిలితే చాలు, గొంతులో పిల్లికూతలు మొదలవుతాయి. తమ సంపాదనకు అందే గది, గోడలు పొడిగా ఉంటే చాలు. చూసిన గదులు తలుచుకుంటేనే ఒళ్లు జలదరించేది. ఒకచోట పొయ్యికీ మరుగుదొడ్డికీ మధ్య ఒక పాత దుప్పటి అడ్డం. ఇంకోచోట నీళ్లతొట్టిలో బొద్దింకలు ఈదుతుంటే ఇంటావిడ రెండు వేళ్లతో తీసి పారేసి, "ఇవెక్కడ ఉండవు?" అంది. మరోచోట పరుపు మీద అంతకుముందున్న మనిషి ఆకారమంతా మరకగా మిగిలింది. ఆ పరుపు ఉచితమట! ఛీ, పశువులు కూడా ఉండవు అక్కడ.

అతను పనికి పోతే తిరగాల్సింది ఆమే కాబట్టి ఒక కిటుకు నేర్పాడు. "కంటిని నమ్మకు. చెయ్యి తిరగేసి గోడకి ఆనించు. చల్లగా తగిలిందా, మాట్లాడకుండా వచ్చెయ్."

ఆ సాయంత్రం ఇంకోచోట పనిలో ఉండగా భార్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"దొరికిందయ్యా! సామాను కూడా తమ్ముడి బండిలో చేర్చేస్తున్నాం," అంది ఆమె. అంత సంతోషం ఆమె గొంతులో విని ఏళ్లయింది. ఏ సందో, ఎన్నో అంతస్తో చెప్పేసరికి అతని చేతిలో రోలరు ఆగిపోయింది.

పరుగున వెళితే, పొద్దున తను రంగేసిన గది మెట్ల దగ్గరే బ్రోకరు ఎదురయ్యాడు. "ఆవిడ మీ ఆవిడే అని నాకేం తెలుసు? ముందే చెప్పుంటే ఇంకో పొర వేసుకునేవాడివి కదా!" అని పకపకా నవ్వాడు. ఆ నోట్లో రంగు డబ్బా బోర్లించాలనిపించింది పుట్టీకి. కాని ఆ నవ్వులో తన వాటా కూడా ఉంది.

ఆమె ఆ మూలనే పరుపు పరిచి, గోడకు వీపు ఆనించి కూర్చుంది. "నువ్వు చెప్పినట్టే చూశా. ఎంత వెచ్చగా ఉందో! ఎవడోగానీ మంచి పనివాడు వేశాడు."

నోరు మూసుకుంటే మూడు నెలలు గడిచిపోతాయి. కాని ఆమె ముక్కు ఆ గోడకు మూరెడు దూరంలో ఉంది.

"లేచి ఇవతలికి రా. అది నేను పూసిందే. లోపలంతా బూజు."

ఆమె చెంగుతో చెయ్యి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"ఇలాంటివి ఎన్ని పూశావు?"

"లెక్కలేదు."

"వాళ్లలో ఆయాసం ఉన్నవాళ్లు లేరా?"

అతను గోళ్లలో ఆరిన పుట్టీ గీక్కున్నాడు. బొద్దింకల ఇంటావిడను చూసినట్టే ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "ఆ ఇళ్లన్నీ చూసి ఛీ అన్నావు కదయ్యా! నిన్ను చూస్తే అసహ్యంగా ఉంది నాకు."

కింద సామాను దించుతున్న తమ్ముడిని కేకేసి, మందుల సంచీ, రెండు తలగడలు పట్టుకుని మెట్లు దిగింది. తమ్ముడు పైకొచ్చి, బావగారి మొహం చూడలేక, "అక్కని మా ఇంట్లో ఉంచుతాను బావా," అన్నాడు.

"ఎన్నాళ్లు?"

"ఏం చెప్పలేదు."

బండి చప్పుడు సందు చివర మలుపు తిరిగేదాకా పుట్టీ గది మధ్యనే నిలబడ్డాడు. గాలి కోసం కిటికీ దగ్గరికి వెళ్లాడు. బ్రోకరు ఇద్దరికీ చెరొకటని ఇచ్చిన తాళంచెవుల్లో ఆమె వదిలేసి పోయినది కిటికీ గట్టు మీద ఉంది, పొద్దున తను పూసిన, ఇంకా ఆరని ఎనామిల్‌ రంగులో సగం దిగబడి.