పోర్ట్‌బ్లెయిర్ కొండ, నా స్ప్రింగు

నేను ఒక జాయ్‌స్టిక్‌ని. కంప్యూటర్లో ఉత్తుత్తి విమానం నడపడానికి పట్టుకునే పిడిని. ఈ కథ మొదలయ్యే ఉదయం నన్ను పాత తువ్వాల్లో చుట్టి, ఒక చేతిసంచిలో, నువ్వుల జీళ్ల పొట్లానికీ ఎండు నెత్తళ్ల డబ్బాకీ మధ్య కుక్కుతున్నారు. కుక్కుతున్నది పైడిరాజు. నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తున్నది ఆయన భార్య వరహాలమ్మ.

"సముద్రం మధ్యన ఉన్న మనిషికి ఎండుచేపలు పట్టికెళ్తన్నావేటే?" అన్నాడు పైడిరాజు.

"అక్కడ చేపలకి మన ఊరి ఎండ తగల్లేదు కదా. మీరు ఆ కర్ర ఎందుకు పెడతన్నారో అది చెప్పండి ముందు."

"ఉండనీ. పైలట్‌కి ఏదైనా అయితే..."

"అయితే నేను తోలాలా?"

"అని కాదే. ఉండనీ."

ఆ సంచిని అంతకుముందు నలభై ఒక్కసార్లు సర్దారు. నలభై ఒక్కసార్లూ సాయంత్రానికల్లా విప్పేశారు. అందుకు కారణం నేనే. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నేను పుట్టింది చైనాలో. ఒక అమ్మాయి నా పొట్టలో స్ప్రింగు పెట్టి మూత బిగించి, ముందుకి, వెనక్కి, కుడికి, ఎడమకి ఒక్కోసారి వంచి చూసి, ఆకుపచ్చ చుక్క అంటించింది. నేను సరిగ్గా ఉన్నానని ఎవరైనా ఒప్పుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

విశాఖపట్నంలో నన్ను మొదట కొన్నది ఒక పళ్ల డాక్టరు. పగలు పళ్లు పీకేవాడు, సాయంత్రం యుద్ధవిమానాలు కూల్చేవాడు. రెండింటికీ ఒకటే చెయ్యి, ఒకటే ఒడుపు. గట్టిగా పట్టుకుని, ఎడమకు మెలితిప్పి, ఒక్క లాగు. మూడేళ్లకి నా స్ప్రింగు ఎడమకు ఒరిగిపోయింది. నిటారుగానే కనిపిస్తాను, కానీ వదిలేస్తే సన్నగా, ఎవరికీ తెలియకుండా, ఎడమకు జరుగుతాను. డాక్టరు ఆట మీద విసుగు పుట్టి నన్ను కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పడేశాడు. అక్కణ్ణించి విజయనగరం తెచ్చుకున్నది పైడిరాజు.

పైడిరాజు జూట్ మిల్లులో కాటా గుమస్తాగా చేసి రిటైరైనవాడు. ముప్పై నాలుగేళ్లు గోనెలు తూచి తూచి, బరువు మీద పగ పెంచుకున్నాడు. బరువనేది ఒట్టి అలవాటనీ, సరైన కోణంలో రాగితీగ కడితే ఆ అలవాటు మానిపించవచ్చనీ ఆయన సిద్ధాంతం. పిరమిడ్లు కట్టేవాడు. అయస్కాంతం వేసిన నీళ్లు తాగేవాడు. పుస్తకాలు చూసి తనే ఒక కంప్యూటరు కూర్చుకున్నాడు. దానికి డబ్బా లేదు. చెక్క మీద పరిచిన భాగాలు, పక్కన టేబుల్ ఫ్యాను. ఫ్యాను ఆగితే విమానమూ ఆగిపోయేది.

వరహాలమ్మకి ఇవేవీ అక్కర్లేదు. ఆవిడకి కావలసింది ఒక్కటే, వాళ్లక్క. వాళ్ల వైపు అక్కని అప్ప అంటారు. ఆ అప్ప పేరు గున్నమ్మ. పెళ్లయిన ఏడాదే భర్తతో ఓడెక్కి అండమాన్ వెళ్లిపోయింది. విశాఖ రేవులో ఆ ఓడ కనపడకుండా పోయేదాకా చూసి వచ్చిన దగ్గర్నుంచీ, వరహాలమ్మకి ఎవరు గడప దాటినా గుండె దడే. పాలవాడు వెళ్తున్నా "మళ్లీ వస్తావు కదా నాయనా" అనేది. ఇప్పుడు గున్నమ్మకి ఒంట్లో నీరు చేరింది. ప్రయాణం చెయ్యలేదు. ప్రతి ఆదివారం ఫోన్లో ఒకటే మాట: "ఒక్కసారి వచ్చి పోవే. నీకని చీర కొని ఉంచినాను."

ఓడలో వెళ్లమంటే, "అప్పని పట్టికెళ్లిపోయిన ఓడ నేనెక్కను" అంది వరహాలమ్మ. ఇక మిగిలింది విమానం.

"సరే, విమానంలోనే తీసికెళ్తాను," అన్నాడు పైడిరాజు. "కానీ ముందు నేను అక్కడ దింపి చూడాలి. నేను దించలేని చోట ఎవడినో నమ్మి నిన్నెలగ కూకోబెడతాను?"

వినడానికి ఎంత బాధ్యతగా ఉందో చూడండి! వరహాలమ్మ కూడా అదే న్యాయమనుకుంది. అలా మొదలైంది ఆదివారం ప్రయాణం. మా వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ. అందులో వరహాలమ్మ, ఒళ్లో సర్దిన సంచి, నడుముకి పాత కండువాతో కట్టిన బెల్టు. రెండు గంటల ప్రయాణం రెండు గంటలూ సాగాల్సిందే. ప్రయాణికురాలూ ఆవిడే, టీ ఇచ్చే ఆవిడా ఆవిడే. మధ్యలో సముద్రం మీద చిక్కుళ్లు ఒలిచేది.

పోర్ట్‌బ్లెయిర్ రన్‌వేకి ఒక పక్క కొండ ఉంది. దాన్ని తప్పించుకుని దిగాలి. పైడిరాజు అన్నీ సరిగ్గానే చేసేవాడు. చివరి నిమిషంలో నేను సన్నగా ఎడమకు జరిగేవాణ్ణి. కొండ తగిలేది.

"చచ్చిపోనామా?" అని అడిగేది వెనకనుంచి వరహాలమ్మ.

"ఆఁ. పోనాం."

"అయితే లెగుస్తాను. పొయ్యి మీద పప్పుంది."

తప్పు నాదని ఆయనకి తోచలేదు. భూమిది అనుకున్నాడు. ఉత్తర ధ్రువం లాగుతోందని బల్ల తూర్పుకి తిప్పాడు. కొండ తగిలింది. దక్షిణానికి తిప్పాడు. కొండ తగిలింది. పడమటికి తిప్పితే తలుపుకి అడ్డం వచ్చి, వరహాలమ్మ టీ కిటికీలోంచి అందించాల్సి వచ్చింది. కొండ మాత్రం ఎప్పటిలాగే తగిలింది. తరువాత నా నెత్తిన రాగితీగ పిరమిడ్ వెలిసింది. అదీ చాలక, ప్రయాణికురాలి సామాను బరువని, సంచిని రాత్రంతా పిరమిడ్ కింద ఉంచి తెల్లారి తూచాడు. రెండు వందల గ్రాములు తగ్గింది! మనిషి గాల్లో తేలిపోయాడు. నోటుపుస్తకంలో ఎర్రసిరాతో రాసుకున్నాడు. పక్కింటావిడ బిడ్డ ఏడుస్తోందని వరహాలమ్మ ఆ పొద్దున్నే సంచిలోంచి గుప్పెడు జీళ్లు తీసి ఇచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు. శాస్త్రానికి తెలియదు.

ఇంకో సంగతి కూడా నాకే తెలుసు. కొండ తగిలిన ప్రతిసారీ ఆయన అరచెయ్యి తేలికపడేది. ఫ్యాను రెక్కలు తుడవడానికి స్టూలెక్కితేనే కళ్లు తిరిగే మనిషి ఆయన. కొండ ఉన్నంతకాలం నిజం విమానం ఎక్కనక్కర్లేదు. తన భయాన్ని తనకే కనపడకుండా ఇంత శ్రద్ధగా దాచుకోవడం మనుషులకే చేతనవును. మా స్ప్రింగులకి రాదు.

అలా, కరెంటు ఉన్న ఆదివారాల్లో ఎగురుతూ, రెండేళ్లు గడిచాయి.

ఒక ఆదివారం మేం మూడు వేల అడుగుల ఎత్తులో ఉండగా ఫోను మోగింది. వరహాలమ్మ కండువా విప్పుకుని వెళ్లింది. గున్నమ్మ ఎక్కువ మాట్లాడలేదు.

"ఒలే, నీకని ఉంచిన చీర మా కోడలికి ఇచ్చీసినాను."

"అదేటప్పా? నేనొస్తాను కదా!"

"ఊరికే మడతల్లో చిరిగిపోతాదని ఇచ్చీసినానులే."

వరహాలమ్మ ఫోను పెట్టేసి వచ్చి, నిలబడి, గోడకున్న ప్లగ్గు పీకేసింది. విమానం, సముద్రం, కొండ, ఫ్యాను అన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

"ఈ వారంలో టిక్కెట్టు తీసీండి. ఒకటి తీస్తారో, రెండు తీస్తారో మీ ఇష్టం."

ఆయన ఒకటే తీశాడు. బయల్దేరిన రోజు నన్ను సంచిలో పెట్టాడు. తను రాలేక తన చేతిని పంపినట్టు.

విశాఖ విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసే అమ్మాయి తువ్వాలు విప్పి నన్ను బయటికి తీసింది. "ఇదేంటమ్మా?"

"విమానం తోలేది అమ్మా," అంది వరహాలమ్మ. ఆవిడకి అబద్ధం రాదు. "మా ఆయనిచ్చినారు. పైలట్‌బాబుకి ఏటైనా అయితే ఉంటాదని."

నాలుగు టోపీలు నా చుట్టూ మూగాయి. ఒక పెద్దాయన నన్ను కదిపి చూసి అడిగాడు. "పనిచేస్తుందా?"

"మా ఆయన చేతిలో అయితే లేదు బాబూ. నలభై ఒక్కసార్లు చచ్చిపోనాం."

ఆయన నవ్వు ఆపుకుంటూ నన్ను తిరిగి సంచిలో పెట్టించాడు. ఎండు నెత్తళ్ల డబ్బా మాత్రం ఎవరూ పూర్తిగా మూత తీసి చూడలేదు. తీసినంతవరకే చాలనుకున్నారు.

నేను నిజం విమానం ఎక్కాను. నా జాతిలో ఎందరికి దక్కుతుంది? రెండు గంటలూ వరహాలమ్మ నన్ను ఒళ్లో నిలబెట్టుకుని కూర్చుంది. కిందికి దిగుతూ కొండ కనపడగానే కళ్లు మూసుకుని రెండు చేతులతో బిగించింది. చక్రాలు నేలకు తగిలాయి. కళ్లు తెరిచి పక్కసీటాయన్ని అడిగింది. "చచ్చిపోలేదా?"

ఆయన భయపడిపోయి "లేదు" అన్నాడు. బయటికి రాగానే భర్తకి ఫోను చేసింది. "దిగిపోనామండి. కొండ పక్కనే ఉంది, ఏటీ అనలేదు."

గున్నమ్మ ఇంట్లో తలుపు తీసిన కోడలు ఆ చీరే కట్టుకుని ఉంది. లోపల మడతకుర్చీలో, వాచిన కాళ్లు పీట మీద పెట్టుకుని గున్నమ్మ. ముప్పై ఆరేళ్ల తరువాత అక్కచెల్లెళ్లు ఏం మాట్లాడుకుంటారో అనుకున్నాను.

"ఇంత లావైపోనావేటే?" అంది అప్ప.

"నీకు నీరు, నాకు తిండి," అంది చెల్లి. తరువాత ఇద్దరూ చాలాసేపు ముక్కులు చీదుకున్నారు.

మూడు వారాలపాటు ఎండు నెత్తళ్ల పులుసుతో ఇల్లు గుబాళించింది. ఒక మధ్యాహ్నం గున్నమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. "మీ ఆయన దీంతోనేటి తోలడం? ఏదీ, ఒక్కసారి నన్ను మన ఊరు తీసికెళ్లు."

వరహాలమ్మ రెండు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసి, అప్పని ముందు కూర్చోబెట్టి, ఇద్దరికీ కొంగులతో బెల్టులు కట్టింది. నా తీగ ఎక్కడా తగిలించలేదు. నేల మీద వేలాడుతోంది. గున్నమ్మ నన్ను పట్టుకుని, ఒకసారి వదిలి చూసి, అంది.

"ఒలే, ఇది ఎడమకి లాగేస్తందేటి?"

"ఎడమకా?"

"ఆఁ, చూడు. వదిలితే ఒరిగిపోతంది. సచ్చు స్ప్రింగు."

వరహాలమ్మ చెయ్యి వేసి చూసింది. ఇంకోసారి చూసింది. నన్ను నేనే ఎక్కడైనా పాతిపెట్టుకుందామా అనిపించింది నాకు. ఆవిడ ముఖం మొదట ఎర్రబడింది, తరువాత నవ్వు వచ్చింది, ఆగలేదు. "రెండేళ్లప్పా! దీని మీద రెండేళ్లు పిరమిడ్లు కట్టినాడు! భూమి లాగేస్తందన్నాడు!" గున్నమ్మకి నవ్వితే ఆయాసం వస్తుంది. అయినా నవ్వింది. నవ్వుతున్న మనిషి కళ్లు చెల్లెలు తుడిచింది, చెల్లెలి కళ్లు ఎవరూ తుడవలేదు.

"సర్లే, కుడికి బిగించి పడతాను," అంది గున్నమ్మ. "ఎటెళ్లాలో చెప్పు."

నలభై ఒక్కసార్లు విన్న దారి వరహాలమ్మకి వెనకనుంచి ముందుకి కూడా వచ్చు. సముద్రం చెప్పింది, మబ్బులు చెప్పింది. విశాఖ రేవు దగ్గరి యారాడ కొండ కనపడుతోందని చెప్పింది. విశాఖలో దిగమంటే గున్నమ్మ ఒప్పుకోలేదు.

"ఇంటికే పోనీ."

"మనూర్లో విమానం ఎక్కడ దిగుతాదప్పా?"

"సంత తోటలో. ఇయాళ సంత లేదు కదా, ఖాళీగానే ఉంటాది."

గున్నమ్మ నన్ను కుడికి ఒత్తిపట్టి, మెల్లగా ముందుకు వంచింది. ఎవరి చేతిలోనూ నేను అంత నిటారుగా నిలబడలేదు.

"దిగినామా?" అంది వరహాలమ్మ.

"దిగినాం. కొంగు విప్పీ."

నెల తిరక్కుండా నేనూ, వరహాలమ్మా విజయనగరం వచ్చేశాం. స్ప్రింగు సంగతి ఆవిడ భర్తకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పైడిరాజు ఇప్పుడు ఎక్కువగా రాగితీగతోనే ఉంటున్నాడు. నేను బీరువా మీద ఎడమకు ఒరిగి ఉంటున్నాను.

గున్నమ్మ 1979 మార్చి 11, ఆదివారం నాడు విశాఖ రేవులో ఓడెక్కింది. 2015 నవంబరు 19, గురువారం నాడు పోర్ట్‌బ్లెయిర్‌లో పోయింది. తిరిగి రాలేదు.