గంపెక్కిన గాలిజల్లెడ

నేను ఒక ఎయిర్ ఫిల్టర్‌ని. తెలుగులో చెప్పుకోవాలంటే గాలిజల్లెడని. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిలో దుమ్మును ఆపి, దమ్మును మాత్రం లోపలికి పంపడం నా వృత్తి. గాలి పని అని నవ్వకండి. మీలో చాలామంది చేసేది అదే.

చూడ్డానికి కోన్ ఐస్‌క్రీమ్‌ని అడ్డంగా పడుకోబెట్టినట్టుంటాను. ఎర్రటి గుడ్డ, పట్టుపావడా కుచ్చిళ్లలా మడతలు, వాటికి పలచగా నూనె. కారుతో పాటు కంపెనీలో పుట్టినదాన్ని కాను. లక్షణమైన కారు కొనుక్కున్నాక, దానికింకా ఏదో తక్కువైందని మనుషులు బయట కొని తగిలించే సరుకుని. ఇంట్లో పుట్టకపోయినా ఇంట్లోవాళ్లకంటే గట్టిగా మాట్లాడతాను. నేను పుట్టిన ఊరేదో నా పెట్టె మీద రాయలేదు. మంటలు కక్కుతున్న కారు బొమ్మ మాత్రం వేశారు. మంటలు కక్కే కారును రోడ్డు పక్కన ఆపి నీళ్లు పోయాలి గానీ, చూసి ముచ్చటపడి డబ్బిచ్చేవాళ్లు ఉంటారని నాకు అప్పటికి తెలియదు.

హైదరాబాదులో కార్లకు హంగులు చేసే ఒక దుకాణంలో, గోడ మేకుకు వేలాడుతుండగా నన్ను చూసినవారు భీమవరం పద్మనాభరాజు గారు. రొయ్యల చెరువులున్న ఆసామి. ఆయనకు నల్లటి జర్మనీ సెడాన్ ఉంది. దానికి వేగం చాలదని ఆయన బాధ. ఎందుకు చాలదంటే, దాని వెనక పెద్ద కథే ఉంది.

వాళ్లలో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకురావాలి. ఆయన అక్క సుభద్రమ్మ గారి పెద్దమ్మాయి పెళ్లికి ఈ పెద్ద మేనమామ ఆలస్యంగా వెళ్లారు. ముహూర్తం ఆగదు కదా, గంప తమ్ముడు చిట్టిరాజు ఎత్తేశాడు. ఆ ఫొటో అక్కగారి హాల్లో ఇప్పటికీ ఉంది. అందులో పద్మనాభరాజు గారు లేరు. ఆ గోడకేసి చూడాల్సి వస్తుందని ఆయన అక్కగారింట్లో కాఫీ తాగడం మానేశారు. ఇప్పుడు చిన్నమ్మాయి హిమజ పెళ్లి. ‘ఈసారి నువ్వే మావయ్యా’ అని ఆ పిల్ల ముందే మాట తీసుకుంది. అక్కకు ఇక ఆడపిల్లలు లేరు. ఈ గంప తప్పితే ఆయన జన్మలో ఇంకో గంప లేదు.

దుకాణం కుర్రవాడికి ఇంకేం కావాలి?

“సార్, మీ బండిల గుర్రాలకు కొదువ లేదు. కంపెనోళ్లు వాటి ముక్కులు మూసిపెట్టిండ్రు. గిది పెడితే ఒక్కపాలి ముక్కులు తెరుసుకుంటయ్.”

అలా నేను ఆ కారుకు ముక్కునయ్యాను. నాకు ముందున్న పాత ఫిల్టర్, నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో నోరు మూసుకుని బతికిన సంసారి, డిక్కీలోకి చేరింది.

గుర్రాలు పెరిగాయో లేదో గానీ గుర్రు మాత్రం పెరిగింది. తొక్కినప్పుడల్లా ‘హుస్స్’ మని అరిచేదాన్ని. రాజుగారికి ఆ చప్పుడు వింటే కారు ఎగిరిపోతున్నట్టే ఉండేది. నిజం చెప్పొద్దూ, నా బలమేదైనా ఉంటే అది ఇంజిన్ గిర్రున తిరిగే పై వేగాల్లోనే. భీమవరం దాటితే ముందొక వరిగడ్డి ట్రాక్టరు, దాని ముందు గేదెలు. గేదె వెనక నిలబడ్డాక ఎన్ని గుర్రాలుంటే మాత్రం ఏం లాభం?

ఆయన భార్య వసుంధర గారు మొదటిరోజే, బండికి ఉబ్బసం ఎప్పుడొచ్చిందని అడిగారు. వేగం కోసమని ఆయన వివరించబోతే, చెవికమ్మ సర్దుకుంటూ అన్నారు:

“కారెప్పుడు ఆలస్యం చేసిందండీ? తమరు చేశారు. ఆ రోజు స్నానానికెళ్లి పేపరు చదివిందెవరు? ఆ గొట్టమేదో తమరికే బిగించమనండి.”

రాజుగారు విననట్టు నటించారు. అందులో ఆయనకు మంచి అనుభవం ఉంది.

పెళ్లి పాలకొల్లులో, పొద్దుటి ముహూర్తం. ఆ ఉదయం నిజంగానే పెందలాడే తయారయ్యారు. బయల్దేరబోతుంటే కారులో కొత్త వస్తువు పెట్టించి పూజ చేయించలేదని గుర్తొచ్చింది. పంతులుగారికి కబురెళ్లింది. పంతులుగారు రావడం, పువ్వులు రావడం, నిమ్మకాయల కోసం మనిషి వెళ్లడంతో, వేగం కోసం కొన్న వస్తువు వల్ల ఆలస్యం చక్కగా మొదలైంది.

పంతులుగారు అలవాటుగా బానెట్ మీద బొట్టు పెట్టబోయారు. రాజుగారు ఆపి, బానెట్ ఎత్తించారు.

“పైనున్నది రేకండి. బలం లోపలుంది. బలానికే పెట్టండి.”

బలానికే పెట్టారు. నా ఒళ్లంతా పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద గుప్పెడు అక్షింతలు. నూనె ఒళ్లు కదా, పట్టేసింది. చివర్న కొట్టిన కొబ్బరికాయ నీళ్లు కూడా నా మీదే చిందాయి. దుమ్మును ఆపడం నేర్చుకున్నాను గానీ, దేవుడి పేరు చెప్పి వచ్చేదాన్ని ఆపమని నాకెవరూ నేర్పలేదు.

నా వెనకాలే గాలిని తూచే సన్నని తీగ ఒకటుంటుంది. అది చెప్పిన లెక్కను బట్టే ఇంజిన్‌కు ఇంధనం అందుతుంది. రాజుగారు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేసరికి పసుపు దాన్ని చేరింది. లోపల పసుపు అంటుకుంది, బయట డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది. వీరవాసరం దగ్గరికొచ్చేసరికి కారు గేదెల వెనకే కాదు, దూడల వెనక కూడా వెళ్లలేని స్థితికొచ్చింది. ఎంత తొక్కినా నత్తనడకే. సైకిలు మీద వెళ్తున్న ఒకాయన మర్యాదకు వేగం తగ్గించి, ఏమైందండీ అని పరామర్శించి, దాటి వెళ్లిపోయాడు.

రాజుగారు దిగి, బానెట్ ఎత్తి, కోపంతో నన్ను ఊడబెరికారు. ముక్కు పీకేస్తే జలుబు తగ్గుతుందా? కారు కదల్లేదు. అప్పుడే వెనక నుంచి ఐసు పెట్టెలతో ఒక రొయ్యల వ్యాను వచ్చింది. ఆయన చెరువు సరుకే. డ్రైవరు సత్తిబాబు తలుపు తీశాడు.

“ఎక్కెయ్యండి రాజుగారూ. కాళ్లకాడ రొయ్యల ట్రే ఉంటాది, ఏవీ అనుకోకండి.”

వసుంధర గారు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కారు. ఆయన చేతి గడియారం వైపు ఒక చూపు చూశారు. ఆ చూపే ఆయనకు పాలకొల్లు దాకా వినిపించింది. కంగారులో ఆయన నన్ను పారేయడం మరిచిపోయారు. ఒళ్లో పెట్టుకుని, మేనకోడలి జడలా నిమురుతూ కూర్చున్నారు.

మండపంలో పరిస్థితి ముదిరింది. గంపలో హిమజ, గంప పక్కన చొక్కా చేతులు మడిచిన చిట్టిరాజు. పురోహితుడు తొందరపెడుతున్నాడు. పెద్ద మావయ్య రానిదే గంప కదలకూడదని హిమజ గంప అంచు పట్టుకుని బిగదీసుకుంది. ఆ సమయానికి మేం లోపలికొచ్చాం. మాకంటే ముందు మా వాసన వచ్చింది.

చిట్టిరాజు ముక్కు ఎగబీల్చాడు. “అన్నయ్యా, కారులో వచ్చావా, చెరువులోంచి వచ్చావా?”

రాజుగారు రొప్పుతూ గంప దగ్గరికి నడిచారు. గంప ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. ఒక చేతిలో నేనున్నాను.

“ఇది పట్టుకోవే తల్లీ.”

హిమజ ఒక చేత్తో కొబ్బరిబోండం, ఇంకో చేత్తో నన్ను పట్టుకుంది. రాజుగారు గంప ఎత్తారు. కారులో దొరకని గుర్రాలన్నీ ఆ ఒక్క నడుములోకి వచ్చాయి. సగం దూరంలో గుర్రాలు అలిసిపోయి గంప ఒరిగింది. చిట్టిరాజు వచ్చి రెండో వైపు భుజం కలిపాడు. అన్నదమ్ములు ఆ పిల్లను, బోండాన్ని, నన్ను కలిపి మండపం ఎక్కించారు. ఫొటోగ్రాఫరు కళ్లు చెదిరే లైటు వేశాడు.

పెళ్లికొడుకు నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఆ ఎర్రదేమిటని అడిగింది. సుభద్రమ్మ గారు రెప్ప వేయలేదు.

“మా పుట్టింటి ఆనవాయితీ అండి. మేనమామ తన ఊపిరి మేనకోడలి చేతిలో పెడతాడు.”

కారు మళ్లీ బాగుపడింది. షోరూమువాళ్లు ఆ తీగ కడిగి, డిక్కీలోని సంసారిని యథాస్థానంలో పెట్టి, ఇంకోసారి బయటి సరుకు తగిలిస్తే వారంటీ సంగతి మాకు తెలియదన్నారు. అసలు ఇలాంటి హంగులు పెట్టిస్తే ఫలితముంటుందా అని చుట్టాలెవరైనా అడిగితే రాజుగారు ఇప్పుడు ఒకటే చెబుతారు: గంట ముందు బయల్దేరండి, అంతకు మించిన ఇంజిన్ లేదు. ఈ మాట ఆయన స్నానాల గదిలోంచి చెబుతారు, అది వేరే విషయం.

అక్కగారి హాల్లో ఇప్పుడు రెండో ఫొటో ఉంది. రాజుగారు దాని ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతారు. నేను ఆ ఇంటి పూజ అలమరలోనే ఉన్నాను. మొన్న పెళ్లికొడుకు వైపువాళ్లు వాళ్లింటి పెళ్లికి నన్ను అరువడిగి తీసుకెళ్లారు. ఆనవాయితీ తప్పకూడదట. ఇప్పుడు నాకెంత పసుపు రాసినా ఏ దీపమూ వెలగదు, పూజ దీపం తప్ప.