ఆగకుండా అరగంట

"ఇంకో గరిటెడు అన్నం పెట్టుకోకమ్మా. నీ బరువు ఇంటిల్లిపాది మీదా పడుతోంది," అంది ఏసమ్మ.

అత్తగారు ఆ మాట కోపంగా అనలేదు. ఆవకాయ జాడీకి మూత పెడుతూ, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా అంది. వినీల గరిటె వదిలేసి మజ్జిగ పోసుకుంది. ఎదురుగా భర్త రమేష్ బాబు తలెత్తకుండా మూడోసారి అన్నం వడ్డించుకుంటున్నాడు. ఆయనకి షుగరు. పోయినేడు గుండెకి స్టెంటు వేశారు. అయినా ఆ ఇంట్లో ఇప్పుడు అందరి కళ్ళూ వినీల కంచం మీదే.

భీమవరం శివార్లలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో ఆమె గుమాస్తా. రమేష్ బాబు ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. ఆ ఉద్యోగానికి బీమా లేదు. ఆయన స్టెంటుకైన ఖర్చంతా వినీల ఉద్యోగం మీదున్న పాలసీయే భరించింది. ఈ ఏడు బీమావాళ్ళు షరతులు మార్చారు. ఉద్యోగి బరువు, నడుము కొలత చూస్తారు. చేతికో బ్యాండు ఇస్తారు. రోజూ ఆగకుండా అరగంట చొప్పున తొంభై రోజులు నడిస్తే జీతంలో కోసే ప్రీమియం సగమవుతుంది. నడవకపోతే పెరుగుతుంది. కొలతలు ఉద్యోగికే. మొగుడికీ అత్తగారికీ లేవు.

ఆ కొలతలు తీసిన రోజు గుర్తొస్తే వినీలకి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆఫీసు హాల్లో, అందరి ముందూ మిషను పెట్టారు. బీమా కుర్రాడు సురేష్‌బాబు "డెబ్భై ఎనిమిది!" అని గట్టిగా చదివాడు. అకౌంట్స్ దొరబాబు వెంటనే అందుకున్నాడు. "మేడం గారూ, ఎక్స్‌పోర్టుకి సరుకు తగ్గుతోందంటే ఏమో అనుకున్నాం. రొయ్యలన్నీ మీ ఇంటికే వస్తున్నాయేంటండీ?" హాలంతా నవ్వింది. తను కూడా నవ్వింది. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత హెచ్ఆర్ మంజుషని పక్కకి పిలిచి, "పొద్దున్న నాలుగున్నర నుంచి కాళ్ళ మీదే ఉంటానండి. అదంతా నడక కాదా?" అని అడిగింది.

"ఇంటి పని లెక్కలోకి రాదండి. మధ్యలో ఆగకూడదు. అరగంటా ఒకే తీరుగా నడవాలి."

ఆగకుండా! ఆ మాట దారంతా వినీల నోట్లో నానింది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఆగకుండా తను చేసిన పని ఒక్కటైనా ఉందా? కూర తిప్పుతూ మధ్యలో ఆయన చొక్కా వెతకాలి, చొక్కా ఇస్తిరీ చేస్తూ మధ్యలో అత్తగారికి మాత్రలివ్వాలి. కూతురు హాస్టల్ నుంచి ఫోన్ చేసినా ఒక చెవి కుక్కర్ విజిల్ మీదే. చర్చిలో ప్రార్థనకి కళ్ళు మూసుకున్నా, పాలు ఫ్రిజ్‌లో పెట్టానా లేదా అన్న ఆలోచన. రోజంతా నడుస్తూనే ఉంది. అదంతా ముక్కలు ముక్కలైన నడక, ఎవరో ఒకరు పిలిచిన వైపుకి.

ఆ బ్యాండు లెక్క చూపించే యాప్‌ని రమేష్ బాబు తన ఫోన్‌లో కూడా వేసుకున్నాడు. మధ్యాహ్నం ఆఫీసుకి ఫోన్. "పన్నెండయినా రెండు వేల అడుగులే చూపిస్తోందేంటి? కాస్త లేచి తిరుగు." ఇన్నేళ్ళలో నీ కాళ్ళు నొప్పెడుతున్నాయా అని అడగని మనిషి, ఆ కాళ్ళు ఎన్ని అడుగులు వేశాయో రోజుకి మూడుసార్లు అడుగుతున్నాడు.

పొద్దున్న కుదరదు గనక సాయంత్రం కాలవ లాకుల దగ్గరే షేర్ ఆటో దిగి, గట్టు మీదుగా ఇంటికి నడుస్తానంది వినీల. వంట అరగంట ఆలస్యమవుతుంది. ప్రీమియం మాట కాబట్టి ఎవరూ కాదనలేదు.

మొదటివారం మోకాళ్ళు సలిపాయి. నడుస్తున్నంతసేపూ రాత్రికి ఏం వండాలన్న ఆలోచనే. ఒకరోజు సగం దారిలో వాన పట్టుకుంది. పరుగెత్తి ఏ చూరు కిందైనా నిలబడేదే, కానీ ఆగకూడదని గుర్తొచ్చి తడుస్తూనే నడిచింది. చీర కాళ్ళకి చుట్టుకుంటోంది. రొయ్యల చెరువుల్లో గాలి పట్టించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి, కాలవలో గుర్రపుడెక్క మీద కొంగలు కదలకుండా నిలబడ్డాయి. ఉన్నట్టుండి ఆమెకి తన ఊపిరి వినబడింది. కాసేపటికి తన మనసులో కూరా లేదు, మాత్రలూ లేవని తెలిసి ఆశ్చర్యపోయింది. నలభై మూడేళ్ళ మనిషికి తనతో తను ఉండటం ఇంత కొత్తగా ఉంటుందా!

తొంభై రోజులూ పూర్తయ్యాయి. నాలుగు కిలోలు తగ్గింది. ప్రీమియం సగమైందని మెసేజ్ వచ్చిన రోజు రమేష్ బాబు స్వీట్లు తెచ్చాడు. "సాధించాం!" అని స్టాఫ్‌రూమంతా చెప్పుకున్నాడట. మర్నాడు పొద్దున్న షూ లేసు కట్టుకుంటూ అన్నాడు.

"ఇంక ఆ సాయంత్రం తిరుగుడు అక్కర్లేదుగా. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చెయ్. అమ్మకి చపాతీలు లేటవుతున్నాయి."

నిన్నటిదాకా అది వాకింగు. పని అయిపోగానే తిరుగుడు అయింది. వినీల టిఫిన్ బాక్సు అందించింది, బ్యాగు తగిలించుకుంది. ఆఫీసులో రోజంతా ఆ మాట మీద ఉడుకుతానేమో అనుకుంది గానీ, అంత కోపమేమీ రాలేదు. ఎప్పుడో తేలిపోయిన సంగతిని ఇవాళ చూసుకుంటున్నట్టనిపించింది. మధ్యాహ్నం తన చేతి బ్యాండు తీసి మంజుష టేబుల్ మీద పెట్టేసి, "గడువైపోయింది కదండీ. ఇంక ఎవరూ చూడక్కర్లేదు," అంది.

సాయంత్రం ఆటో లాకుల దగ్గరకి రాగానే దిగింది. వంద గజాలు నడిచిందో లేదో ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?"

"కాలవగట్టు మీదండి. నడుస్తున్నాను."

"టార్గెట్ అయిపోయిందిగా! ఇంకెందుకు? ఇక్కడ అమ్మ ఆకలంటోంది."

వినీల ఆగలేదు. నడుస్తూనే, గొంతు పెంచకుండా చెప్పింది.

"గోధుమపిండి రెండో అరలో నీలం డబ్బాలో ఉందండి. నీళ్ళు కాస్త గోరువెచ్చగా పెట్టుకుంటే బాగా కలుస్తుంది. ఇకమీదట రోజూ మీరే చెయ్యాలి కదా, ఇవాళే అలవాటు చేసుకోండి."