చెరువు పట్టిన రోజు

మూడో మరుగుదొడ్డి కడిగి, బకెట్‌లో మిగిలిన నీళ్ళు గుమ్మంలో కుమ్మరించి, పాపమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఫినాయిలు వాసన కాస్త తగ్గాక మాస్టారు ఫోనుతో ఫొటో తీస్తారు. నేల మీద నీళ్ళు నిలిచినట్టు కనపడితే బాగోలేదని పైనుంచి అడుగుతారు. అందుకని గోనెపట్టా తెచ్చి, మోకాళ్ళ మీద వంగి, నేలంతా ఒత్తింది. లేచేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చింది.

పద్నాలుగేళ్ళ ఫినాయిలుకి ఆమె వేళ్ళ మీద గీతలు చెరిగిపోయాయి. రేషను షాపులో వేలిముద్ర పడదు. డీలరు ఆమె వేలిని తడిపి, తుడిచి, నాలుగుసార్లు నొక్కించి, చివరికి విసుక్కుంటాడు. పాపమ్మ వెనకవాళ్ళకి దారిచ్చి పక్కన నిలబడుతుంది.

కొల్లేటి అంచున, చేపల చెరువుల మధ్య ఉన్న చినలంక బడి అది. రెండు గదులు, ఒక వరండా. పాపమ్మ ఆయాగా వచ్చాక అయిదుగురు హెడ్మాస్టర్లు మారారు. ప్రతివాళ్ళూ బడిని మార్చేస్తామనే వచ్చారు. ఒకాయన నల్లబోర్డు తీయించి పచ్చబోర్డు పెట్టించాడు. ఇంకొకావిడ గోడలనిండా ఏనుగులు, రైళ్ళు వేయించింది. ఆ తరువాత గోడకి పెద్ద టీవీ వచ్చింది. దాన్ని పొడిగుడ్డతోనే తుడవాలని పాపమ్మకి రెండుసార్లు చెప్పారు. ఎవరు ఏ మార్పు తెచ్చినా దాన్ని తుడిచే పని మాత్రం ఆమెదే.

ఇప్పుడున్న గిరిధర్ మాస్టారిది తాడేపల్లిగూడెం. పొద్దున్నే పాసింజరెక్కి ఏలూరులో దిగి, స్టేషను దగ్గర పెట్టుకున్న బండి మీద వస్తాడు. ఆమెని పేరు చివర గారు పెట్టి పిలిచిన మొదటి మనిషి అతనే. మొదట్లో ఎవరిని పిలుస్తున్నాడో తెలియక ఆమె వెనక్కి చూసేది.

తొమ్మిదింబావుకి అతను వరండాలో నిలబడి పిల్లల్ని లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"పదముగ్గురేనండి పాపమ్మగారూ. మిగతా తొమ్మిదిమందీ ఏరండీ?"

"చెరువు గట్టు మీదున్నారండి. ఇయ్యాల పెద్ద చెరువు పడతన్నారండి, చేపలన్నీ తీసేత్తన్నారు. ఐసు బండి తెల్లారగట్లే వచ్చింది."

అతను గోడకి ఆనుకున్నాడు. ఆ వేళే మండలం నుంచి ఆఫీసరు వచ్చి తలలు లెక్కపెడుతుంది. ఇరవైమంది కళ్ళకి కనిపిస్తే బడి ఉన్నట్టే ఉంటుంది. లేకపోతే మూడు, నాలుగు, అయిదు తరగతులు డ్రైను కాలవ అవతల హైస్కూల్లో కలిసిపోతాయి. ఒకటి, రెండు తరగతుల్లో మిగిలే ఎనిమిదిమందికి ఆయా అక్కర్లేదు. ఆ సంగతి అతను నెల కిందటే పాపమ్మకి చెప్పాడు. దాచిపెట్టడం మంచిది కాదని చెప్పాడు.

ఆ రాత్రి పాపమ్మ చాలాసేపు కూతురి గురించే ఆలోచించింది. కూతురు ఉండి అనే ఊళ్ళో ఉంటుంది. వచ్చెయ్యమని ఎప్పుడూ అంటుంది. అల్లుడు మంచివాడే. కానీ కిందటేడు జ్వరమొచ్చి అక్కడ పది రోజులున్నప్పుడు, రెండో ముద్ద అన్నం కావాలంటే అడగలేక నీళ్ళు తాగి లేచేసింది. ఎవరూ ఏమీ అనలేదు.  ఇక్కడ తన గంజి తను కాచుకుంటుంది.

"నేనెళ్ళి తోలుకొస్తానండి," అంది.

"ఆవిడ పదిన్నరకి వస్తారండి."

"పదిన్నరంటే పన్నెండేనండి మాస్టారూ. పద్నాలుగేళ్ళ బట్టి చూత్తన్నాను."

"ఈవిడ కొత్తండీ."

"ఎవరైనా రావాల్సింది ఆ గోతుల్లోంచే కదండీ," అని చీపురు మూలన పెట్టి బయల్దేరింది.

పెద్ద చెరువు ఇరవై నిమిషాల నడక. గట్టు మీద మట్టి పాదాల పగుళ్ళలోకి ఎక్కుతోంది. చెరువులో నీళ్ళు తోడేసి మోకాలిలోతు చేశారు. వలవాళ్ళు రెండు వరసల్లో వంగి లాగుతున్నారు. శీలావతి, బొచ్చె చేపలు ఎగిరి పడుతున్నాయి. గట్టు మీద తొమ్మిదిమంది పిల్లలు నిక్కర్లతో, గౌన్లతో బారుగా కూర్చున్నారు. స్కూలు బట్టలు, పుస్తకాల సంచులు ఇంటి దగ్గరే వదిలేశారు. వల తీసేశాక బురదలో మిగిలిన చిన్నచేపలు ఎవరికి దొరికితే వాళ్ళవి. ఎండబెట్టుకుంటే ఆర్నెల్లు కూరకి వెతుక్కోనక్కర్లేదు. ఏడాదికి ఒక్కసారి, ఒక్క గంట. అంతే.

"లేండర్రా. బడికి," అంది పాపమ్మ.

పిల్లలు తల్లుల వంక చూశారు. అయిదో తరగతి బన్నీ తల్లి ప్రభావతి చేపల గంప దగ్గర్నుంచి లేచి వచ్చింది. మోచేతుల దాకా పొలుసులు.

"అరగంట ఆగు అత్తా. ఆఖరి వల లాగేత్తన్నారు. ఇప్పుడు తోలుకెళ్తే ఈళ్ళకేం దొరుకుద్ది?"

"ఆఫీసరమ్మ పదిన్నరకి వత్తాదంటే."

గంపల దగ్గర ఆడవాళ్ళు పక్కుమన్నారు.

"పదిన్నరకే! వంతెన చూడ్డానికి వత్తానన్నాయన, వంతెన కొట్టుకుపోయాక వచ్చాడు. ఏదీ వంతెనని మమ్మల్నే అడిగాడు!"

పాపమ్మకీ నవ్వొచ్చింది. తను మాస్టారితో అన్న మాటే కదా. కాళ్ళు చాపుకుని పిల్లల పక్కన కూర్చుంది. కూర్చున్నాక మోకాళ్ళ నొప్పి తెలిసింది.

వల పైకి లేచింది. వలవాళ్ళ మేస్త్రీ తువ్వాలు ఊపాడు. పిల్లలు ఒక్కసారి బురదలోకి దూకారు. బన్నీ కళ్ళు మూసుకుని కాలివేళ్ళతో వెతుకుతున్నాడు. తగలగానే వంగి రెండు చేతులా ఒడిసి పట్టుకుంటున్నాడు. జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నా వదలలేదు. పచ్చబోర్డు ముందు ఎప్పుడూ తలవంచుకునే పిల్లాడు, అక్కడ అందరికంటే ముందున్నాడు. పాపమ్మ వాడినే చూస్తూ ఉండిపోయింది. ఐసు బండి డ్రైవరు టైము చెప్పేసరికి పదీ నలభై అయింది.

తొమ్మిదిమందినీ ముందు పెట్టుకుని నడిపించింది. ఒంటినిండా బురద, చేతిలో చేపల కవర్లు. రోడ్డెక్కేసరికి ఎదురుగా ఒక స్కూటీ వచ్చింది. హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి, పిల్లలకి దారివ్వడానికి బండి పక్కకి తీసి ఆపింది.

"ఈ పిల్లలు ఏ బడమ్మా? బడి టైములో చెరువులోకి దిగారేంటి?" అని మెల్లగానే అడిగింది.

 కిందటేడు పక్క ఊళ్ళో పిల్లల్ని చెరువు పనికి పెట్టారని ఎవరో వచ్చి తల్లిదండ్రుల పేర్లు రాసుకెళ్ళారు. ప్రభావతి మొహం కళ్ళముందు మెదిలింది. మాస్టారికి మాటొస్తుందని కూడా అనిపించింది.

"ఈళ్ళు మా ఊరోళ్ళు కాదండి. వలకొచ్చినోళ్ళ పిల్లలండి," అంది.

పిల్లలు ఆశ్చర్యంగా చూశారు. బన్నీ నోరు తెరవబోతే వాడి భుజం నొక్కింది.

"పాపం. వీళ్ళనీ ఏదో ఒక బడిలో చేర్పించాలి," అని ఆ అమ్మాయి ఒక చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. పాపమ్మ వెనకనుంచి దణ్ణం పెట్టింది.

బడిలో గిరిధర్ మాస్టారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఆవిడ పదింబావుకే వచ్చేశారండి. అరగంట దాకా ఉన్నారు. పదముగ్గురని రాసుకుని ఇప్పుడే వెళ్ళారు. ఎదురయ్యారా? స్కూటీ మీద..."

పాపమ్మ వెనక్కి తిరిగి రోడ్డు వంక చూసింది.

అతను అప్పటికే ఫోను చేస్తున్నాడు. "మేడమ్, మిగతా తొమ్మిదిమందీ వచ్చేశారండి. ఇక్కడే ఉన్నారండి." అవతలి గొంతు బయటికే వినిపించింది. కోపం లేని గొంతు. "దారిలో చూశాను మాస్టారూ. వలవాళ్ళ పిల్లలట కదా, వాళ్ళని తోలుకెళ్తున్న పెద్దావిడే చెప్పింది. ఎక్కడెక్కడి పిల్లల్నో తెచ్చి లెక్కలో కలపకండి. మీరు అలాంటివారని నేననుకోలేదు."

అతను జవాబు చెప్పేలోగా ఆవిడ ఫోను పెట్టేసింది.

"నేనే అన్నానండి," అంది పాపమ్మ. "ఎవరో కేసు రాసేవోళ్ళనుకున్నానండి."

అతను తిడతాడేమోనని చూసింది. తిడితే బాగుండుననిపించింది. అతను పిల్లల వంక చూసి, "ముందు వాళ్ళ ఒళ్ళు కడగండి," అన్నాడు.

కుళాయి కింద ఒక్కొక్కరినీ నిలబెట్టి కడిగింది. మెడలు, చెవుల వెనక, గోళ్ళు. ముల్లు గుచ్చుకున్న బన్నీ వేలిని నోటితో ఊదింది.

"నేను మనూరోణ్ణే కదా ఆయమ్మా?" అన్నాడు వాడు.

"నువ్వు కాకపోతే ఎవర్రా."

ఆ సాయంత్రం మాస్టారు తొమ్మిదిమందికీ స్కూలు బట్టలు తొడిగించి ఫొటోలు తీసి, ఆధార్ నంబర్లతో సహా పంపించాడు. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి రెండు గంటలు కూర్చున్నాడు. ఆవిడ నమ్మిందట. పొరపాటైందని కూడా అందట. కానీ లెక్క ముందురోజు సాయంత్రమే పైకి వెళ్ళిపోయిందట.

సోమవారం హైస్కూలుకి తీసుకెళ్ళడానికి రెండు ఆటోలొచ్చాయి. పద్నాలుగుమంది పిల్లలు ఇరుక్కుని కూర్చున్నారు. మాస్టారికీ పోస్టింగు అక్కడే వేశారు. బన్నీ ఆటోలోంచి తల బయటపెట్టి, "ఆయమ్మా, అక్కడ బాత్రూముల్లో నీళ్ళు రావంట!" అని అరిచాడు. ఆటో గోతిలో పడి లేచింది.

నెలాఖరున పాపమ్మ మూడు మరుగుదొడ్లూ కడిగి, నేల ఒత్తి, తాళంచెవి చిన్న తరగతుల టీచరు ప్రసన్న చేతిలో పెట్టింది. "ఎప్పుడైనా రండి," అంది ప్రసన్న. "ఆయ్, అలాగేనండి," అంది పాపమ్మ. గేటు బయట అల్లుడు బండి స్టార్టు చేసే ఉంచాడు. ఆమె బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది.

లోపల కుళాయి పక్కన, ఒకటో తరగతి పిల్లలకి అందేటంత ఎత్తులో, పాపమ్మ పాత వలముక్కలో మూటకట్టి మేకుకి వేలాడదీసిన సబ్బుబిళ్ళ, గాలికి గోడని తాకుతూ, ఇంకా తడిగానే ఉంది.