మేడ దిగిన పుస్తకం

మా అమ్మ ముప్ఫై రెండేళ్లు కాన్పుల వార్డులో నర్సు. రిటైరయ్యాక కొత్త నర్సుల కోసం పుస్తకం మొదలుపెట్టింది. అదంతా మేడ మీది కంప్యూటర్లో, ఒక అవుట్‌లైన్ ప్రోగ్రాంలో ఉంది. శీర్షిక కింద శీర్షిక, దాని కింద ఇంకోటి. పక్కనున్న బాణం నొక్కితే కింది శీర్షికల కొమ్మంతా ముడుచుకుంటుంది, మళ్లీ నొక్కితే విచ్చుకుంటుంది. తొమ్మిదేళ్లలో రెండు వేల శీర్షికలయ్యాయి.

అంతలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మూడు నెలలు మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు.

"టాబ్లెట్లోకి కాపీ చేసిస్తానమ్మా" అన్నాను.

"నా కొమ్మలన్నీ కలగాపులగం చేస్తావు. నువ్వు ముట్టుకోకు!"

మా వదిన ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలు బాగుచేస్తుంది. తనే మేడెక్కింది. సాయంత్రానికల్లా ఆ ప్రోగ్రాం పైన నడుస్తుంటే, దాని తెర అమ్మ ఒళ్లోని టాబ్లెట్లో, బ్రౌజర్లో కనబడింది. కాకపోతే అక్షరాల బదులు అన్నీ డబ్బాలే.

"అగ్గిపెట్టెలు పేర్చావేంటమ్మాయ్?" అంది అమ్మ.

మర్నాడు వదిన తెలుగు ఫాంటు ఎక్కించింది. బాణం మీద వేలు ఆనడం లేదంటే తెర మీదివన్నీ పెద్దవి చేసింది. అమ్మ నొక్కింది. కొమ్మ విచ్చుకుంది. "ఇదెక్కడి బుర్రే నీది!" అని కోడలి బుగ్గలు పుణికింది.

దూరాన చిన్న ఆసుపత్రిలో పనిచేసే అమ్మ శిష్యురాలు ఒకామె, తానూ చదివి చూస్తానంది. వదిన ఆమెకీ అదే తెర కనబడేలా దారి తెరిచి, పాస్‌వర్డ్ ఇచ్చింది.

ఒక మధ్యాహ్నం తెర మీద మౌస్ బాణం దానంతటదే కదిలింది. అమ్మ గుడ్లప్పగించి చూసింది. 'బిడ్డ భుజం ఇరుక్కుంటే' అన్న శీర్షిక కింద, అన్నిటికన్నా చివర, ఒక్కో అక్షరమే పడింది: 'సాయానికి ఇంకో మనిషిని కేకెయ్యాలి.'

వెంటనే ఫోన్ మోగింది. అవతల ఆ శిష్యురాలు. "తప్పుగా అనుకోకండి మేడమ్. మొన్న ఒక కాన్పులో నాకు ఇదే గుర్తురాలేదు. పక్క గదిలో డాక్టరమ్మ ఉన్నారు, నేనొక్కదాన్నే తంటాలు పడ్డాను. చివరికి ఆవిడే వచ్చి చూశారు. బిడ్డ దక్కింది."

"మా రోజుల్లో కేకేస్తే పలికేవాళ్లే లేరమ్మా. అందుకే నాకు తట్టలేదు" అంది అమ్మ. ఆ వాక్యాన్ని వేలితో పట్టి, పైకి లాగి, తన పద్ధతులన్నిటికీ ముందు పెట్టింది.

తరవాత, పుస్తకం మొదటి పేజీలో తన పేరు పక్కన ఆ పిల్ల పేరు కూడా చేర్చింది. నన్ను ముట్టుకోవద్దన్న పుస్తకంలో, నేను చూస్తుండగానే.