బర్రె మింగిన అయస్కాంతం

అంగన్‌వాడీ టీచరు మంజులత ఆ రోజు తల్లిదండ్రులకు చెప్పింది ఒక్కటే మాట.

"గీ వయసు పిల్లలు కట్టాలె, కూలగొట్టాలె, మళ్ల కట్టాలె. గసొంటి బొమ్మలే కొనున్రి. గని ఏ ముక్క గూడ పిల్ల నోట్లె పట్టొద్దు."

కొడుకూ కోడలూ పనికి పోవడంతో మనుమరాలి తరఫున జానయ్యే వెళ్ళాడు. తల ఊపాడు. ఆ మాట చెవిలో ఉండగానే కల్వకుర్తి బస్సెక్కాడు.

బస్టాండు పక్కన బొమ్మల కొట్టు వెంకటరాజానిది. ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. జానయ్య అడగ్గానే పిడికిలి కంటే పెద్దవైన రంగురంగుల చెక్క దిమ్మెల సంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"కట్టెముక్కలా?" జానయ్య ఒకటి చేతిలోకి తీసుకుని నవ్వాడు. "మా ఊరి అరకలు చేసే వడ్లాయన దగ్గరికి పోతే సంచెడు ఊకెనే ఇస్తడు. గివి కొనుకపోతే మా కోడలు పొయ్యిల వెడ్తది."

"వడ్లాయన ముక్కలకు పేళ్లు గుచ్చుకుంటయి కాకా. గివి నున్నగ చేసిన్రు. పిల్లకు ఎన్నేండ్లు?"

"మూడు దాటినయి."

"అయితే గివే. కాదంటే గీ పెద్ద ప్లాస్టిక్ ఇటుకలు తీస్కపో."

జానయ్య అటు చూడలేదు. అతని కళ్ళు అద్దాల బీరువాలో నిలబెట్టిన ఒక చిన్న దడి మీద పడ్డాయి. సన్నటి ఇనుప పుల్లలు అడ్డంగా, నిలువుగా. పుల్ల పుల్లకూ మధ్య శనగగింజంత మెరిసే గుండ్లు. అచ్చం ఎండాకాలం చేలల్లో గొర్రెల మందను ఆపడానికి వేసే దడి లాగే ఉంది. బీరువా తెరిపించి వేలితో నెట్టాడు. వంగింది కానీ పడలేదు.

"గిది గావాలె."

"అవి అయస్కాంతం గుండ్లు కాకా. పెద్దపిల్లలవి. చిన్నపిల్లలకు వద్దని డబ్బా మీదనే రాసున్నది."

"మా మోక్షిత గొర్లోల్ల పిల్లరా. నడక సక్కగ రాకముందే రాళ్లు పేర్చి దడి కట్టింది. దానికి గీ కట్టెముక్కలేం సాలుతయి?"

"నీ ఇష్టం. మళ్ల నన్ననొద్దు."

సాయంత్రం పత్తి జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చిన కోడలు మల్లీశ్వరి డబ్బా తెరిచి చూసింది. ఒక గుండును గోటితో పీకి పైకెత్తింది.

"మామా, టీచరమ్మ ఏం చెప్పింది, నువ్వేం తెచ్చినవ్?"

"నేను దగ్గరుంట గద బిడ్డా."

దగ్గరే ఉన్నాడు కూడా. మోక్షిత వాకిట్లో కూచుని దడి కట్టేది, లోపల పత్తిగింజలను మంద లాగా నింపేది. పక్కింటి మేస్త్రి ఏసోబు బిడ్డ రూతు వచ్చి ఆ మందను బయటికి తోలేది. ఇద్దరిదీ ఒకే ఈడు. పని నుంచి వచ్చిన ఏసోబు తాపీ పక్కన పెట్టి చూసి, "సిమెంటు లేకుంట గోడ నిలవడ్తాంది కాకా, నా కూలి పాయె!" అనేవాడు.

ఒక రోజు కుంటుతున్న గొర్రెపిల్ల కాలు చూడ్డానికి జానయ్య అటు తిరిగాడు. ముల్లు పీకినంత సేపే. ఇటు తిరిగేసరికి మోక్షిత గొంతు కదిలింది. రూతు బుగ్గ ఉబ్బి, మళ్ళీ చదునైంది.

అప్పుడే బిడ్డ కోసం వచ్చిన ఏసోబు అదంతా చూశాడు. రూతు నోరు తెరిపించి వేలు పెట్టి చూశాడు. ఏమీ లేదు.

"మింగినరేమో కాకా!"

జానయ్యకు వెంటనే గుర్తొచ్చింది, కొట్టంలో నెమరేస్తున్న తన బర్రె.

"గంత బుగులెందుకురా? మా బర్రె గడ్డితోని ఇనుప తీగ మింగినప్పుడు పశువుల డాక్టరు ఏం చేసిండు? వేలంత అయస్కాంతం దాని గొంతుల ఏసిండు. తీగను పట్టుకోని గది కడుపులనే ఉన్నది. ఈనింది, పాలిస్తాంది. బర్రె కడుపుల వేలంతది ఏం చెయ్యలే, పిల్ల కడుపుల శనగగింజంతది ఏం చేస్తది? అరటిపండు తినవెట్టు. బైటికి వచ్చేస్తది."

ఏసోబు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "నిజమే కాకా" అని రూతును భుజానికెత్తుకుని పోయాడు.

జానయ్య మనుమరాలికి అరటిపండు పెట్టాడు. కోడలికి చెప్పలేదు. చెబితే బొమ్మ సంగతి మళ్ళీ తీస్తుంది. వచ్చేస్తుంది కదా, ఎందుకు?

కొన్ని రోజులు ఏమీ కాలేదు. తర్వాత మోక్షిత కడుపు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఊళ్ళో సూది వేసే ఆయన అజీర్తి అని సూది మందు వేశాడు. ఆయన ముందు కూచున్నప్పుడైనా జానయ్య చెప్పాల్సింది. నోరు రాలేదు. మర్నాటికి పిల్ల పచ్చగా కక్కింది. కడుపు గట్టిపడింది. జానయ్య కొడుకు మల్లేశ్ తన ట్రాలీ ఆటోలో అందర్నీ ఎక్కించుకుని మహబూబ్‌నగర్ పిల్లల దవాఖానకు ఉరికించాడు. ఒళ్ళు కాలిపోతున్నా మోక్షిత ఆ బొమ్మల డబ్బాను వదల్లేదు.

డాక్టరమ్మ ఎక్స్‌రేను కంప్యూటరు తెర మీద చూపించింది. చిన్న పొట్టలో, ఎముకల కంటే తెల్లగా, నాలుగు చుక్కలు ఒకదానికొకటి అతుక్కుని వంకీ తిరిగి ఉన్నాయి.

"ఇవేంటి?"

మల్లీశ్వరి మోక్షిత చేతిలోని డబ్బాను చూసింది. తర్వాత మామను చూసింది.

"అయస్కాంతం గుండ్లమ్మా" అన్నాడు జానయ్య. "మింగంగ నేను చూసిన. ఒక్కటే అనుకున్న. మా బర్రెకు డాక్టరే ఏసిండు, దానికేం గాలే..."

"బర్రెకు వేసేది పెద్దది, ఒక్కటే. దాని నాలుగు పొట్టల్లో ముందుండే దాంట్లోనే ఉండిపోతుంది" అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. "పిల్ల మింగినవి పేగుల్లోకి దిగినయి. ఈ పేగులో ఒకటి, ఆ పేగులో ఒకటి ఉంటే, మధ్యలో ఉన్న పేగు గోడల్ని నొక్కి పట్టుకుని ఒకదానికొకటి అతుక్కుంటయి. నొక్కినచోట పేగు చచ్చిపోయి బొక్క పడుతుంది. పడింది కూడా. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. మొత్తం ఎన్ని మింగిందో నాకు తెలియాలి."

డబ్బా అడుగున గుండ్లు పెట్టుకునే గుంటలున్నాయి. ఇంట్లో ఆట ముగిసిన ప్రతిసారీ మోక్షిత వాటిని గుంటల్లో పెట్టి "గొర్లు పండుకున్నయి" అనేది. మల్లేశ్ మూత తీశాడు. ఖాళీ గుంటలు ఆరు.

"నాలుగు ఇక్కడున్నయి. మిగతా రెండు?"

"ఇంట్ల పడ్డయేమో మేడం" అన్నాడు మల్లేశ్.

జానయ్య కళ్ళ ముందు రూతు బుగ్గ ఉబ్బి చదునైంది.

వరండాలోకి పోయి ఏసోబుకు ఫోన్ చేశాడు. ఏసోబు అంతా విని నవ్వాడు.

"మా రూతు లేగదూడ లెక్క ఉరుకుతాంది కాకా. ఇప్పుడే సద్ది తిన్నది. బర్రె కడుపుల వేలంత అయస్కాంతం ఉన్నదని నువ్వేనాయె చెప్పినవ్!"

"నేను చెప్పింది తప్పురా!"

"నీ పిల్లకు బాగలేక పరేషాన్‌ల ఉన్నవ్. ఫికర్ చెయ్యకు, దేవుడు సూస్తడు" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

లోపలి నుంచి స్ట్రెచర్ వచ్చింది. పెద్దవాళ్ళు పడుకునే ఆ పరుపు మీద మోక్షిత ఒక మూలకే సరిపోయింది. జానయ్య ఆ చిన్న పాదాన్ని ఒకసారి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. వదిలి తలుపు వైపు నడిచాడు.

"పిల్లను లోపలికి తీస్కపోతాంటే ఏడికి?" మల్లీశ్వరి గొంతు వెనక నుంచి తగిలింది.

"రూతు గూడ మింగింది బిడ్డా. అరటిపండు తినవెట్టుమని చెప్పింది నేనే."

కోడలు స్ట్రెచర్ వెంట నడిచింది. ఆపరేషన్ థియేటర్ తలుపు మూసుకుంది.

జడ్చర్ల దాకా ఒక బస్సు. అక్కడ కల్వకుర్తి పోయే బస్సు కదులుతుంటే వెనకాల ఉరికి పట్టుకున్నాడు. ఊరి స్టేజీలో దిగి, చేల మధ్య అడ్డంగా పడి నడిచాడు. ఏసోబు ఇంటి ముందు రూతు ఇసుక కుప్ప మీద ఎగురుతోంది. ఎంత హుషారుగా ఉందంటే, ఆ పిల్లను చూసి ఎవరైనా జానయ్యనే పిచ్చోడంటారు.

"గందుకే ఇంత దూరం వచ్చినవా కాకా?" ఏసోబు మొహంలో ఇప్పుడు నవ్వు లేదు, విసుగుంది. "మంచిగున్న పిల్లను దవాఖానకు తీస్కపోయి పొట్ట కోపియ్యమంటవా?"

వాదించి లాభం లేదని జానయ్యకు అర్థమైంది. ఆ రోజు పశువుల డాక్టరు చేసిన ఇంకో పని గుర్తొచ్చింది. బర్రెకు అయస్కాంతం వేసేముందు, లోపల ఇదివరకే ఒకటి ఉందేమో చూడాలని దాని డొక్క దగ్గర దిక్కులు చూపే ముల్లు డబ్బీ పట్టాడు. ఉంటే ముల్లు అటు తిరుగుతుందన్నాడు. జానయ్య తన ఇంట్లోకి ఉరికి, గొంగడి కుట్టే సూదిని, ఉన్ని పోగును తెచ్చాడు. సూదికి నడుమన పోగు కట్టి వేలాడదీశాడు. అది అడ్డంగా నిలిచింది.

"ముందుగాల నీ కడుపు చూడు."

ఏసోబు పొట్ట దగ్గర పట్టాడు. సూది కదల్లేదు.

"రూతమ్మా, జర ఇట్ల రా బిడ్డ. కదలకుంట నిలవడు."

అంగీ పైకెత్తి, చర్మానికి తగలకుండా సూదిని దించుకుంటూ వచ్చాడు. బొడ్డుకు పైన, ఎడమ పక్క, సూది వణికింది. మెల్లగా తిరిగి మొన పొట్ట వైపు పెట్టి ఆగిపోయింది. జానయ్య చేతిని పక్కకు జరిపాడు. సూది మళ్ళీ అటే తిరిగింది.

"చక్కిలిగిలి పెడ్తున్నవ్ తాతా!" రూతు కిలకిలా నవ్వింది.

ఏసోబు నవ్వలేదు. లోపలికి పోయి బండి తాళం చెవి తెచ్చాడు. "ఓ ప్రభువా" అని ఒక్క మాట, అదీ తనలో తనే. రూతును ఇద్దరి మధ్య కూచోబెట్టుకుని బండి తీశాడు. దారి పొడుగునా జానయ్య ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి ఉంచాడు, చేత్తో ఆపగలిగినట్టు.

దవాఖాన మెట్ల మీద మల్లేశ్ ఎదురొచ్చాడు. "పేగు కొంత కోసి తీసేసిన్రు నాయినా. రెండు జాగల్ల బొక్క పడ్డది. బతుకుతదన్నరు, గని గీ రాత్రి దాటాలె అంటున్నరు."

రూతు ఎక్స్‌రేలో రెండు చుక్కలు, రెండూ ఒకదానికొకటి అతుక్కుని. ఇంకా కడుపులోనే ఉన్నాయి, పేగుల్లోకి దిగలేదు. కోత అక్కర్లేకుండా నోట్లోంచి గొట్టం దించి తీశారు. డాక్టరమ్మ వాటిని ఏసోబు చేతిలో పెట్టబోతే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున మల్లీశ్వరి వార్డు తలుపు దగ్గరికి వచ్చింది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. మొదట ఏసోబునే పలకరించింది.

"రూతు ఎట్లున్నది అన్నా?"

"మంచిగున్నదమ్మా. ఆకలైతాందని లొల్లి పెడ్తాంది. మోక్షిత?"

"కండ్లు తెరిచింది."

జానయ్య బెంచీ మీంచి లేచాడు. ఒక అడుగు వేశాడు. మల్లీశ్వరి తలుపుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రాకు మామా."

"దూరంకెల్లి చూసి పోత బిడ్డా..."

"నువ్వు పోయి రూతును తెచ్చినవ్. అది నేను మరువ. గని ఊళ్ళె సూది మందు ఏపిచ్చెటప్పుడు గూడ నా పక్కనే కూసున్నవ్. ఒక్క మాట చెప్తే నా బిడ్డ పేగు నిలిచేది." ఆమె గొంతు అంతకంటే పైకి లేవలేదు. "ఇయ్యాల రాకు. ఎప్పుడు రావాల్నో నేనే చెప్త."

తలుపు మూసుకుంది. మల్లేశ్ తండ్రి వైపు చూడలేక నేల చూశాడు. ఏసోబు వచ్చి జానయ్య భుజం మీద చెయ్యి వేస్తే, ఆయన ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టాడు. ఓదార్పు ఇప్పుడు వద్దు.

కాసేపటికి తలుపు అవతల నుంచి సన్నటి ఏడుపు వినిపించింది. ముందు తెగి తెగి, తర్వాత కొంచెం గట్టిగా. నీళ్ళు కావాలని అడుగుతోంది. ఇవ్వొద్దన్నారని తల్లి బుజ్జగిస్తోంది.

జానయ్య బెంచీని గోడ దగ్గరికి, ఆ ఏడుపు బాగా వినబడే చోటికి జరుపుకుని కూచున్నాడు.